శుక్రవారం వాగుల క్లాసు

ఆ శుక్రవారం పొద్దున మార్లిస్ వంటింట్లో నిలబడి మధ్యాహ్నానికి భోజనం డబ్బాలో సర్దుకుంటోంది. ఏప్రిల్ సగం గడిచినా పెరట్లో మంచు ఇంకా మోకాలెత్తున ఉంది. పైపొర మురికిపట్టి, ఎండ తగిలిన చోట చిల్లులు పడి ఉంది. బల్ల దగ్గర అత్తగారు ఇర్మా దాల్చినచెక్క రస్కును కాఫీలో ముంచుకుని నిదానంగా తింటోంది. ఇంట్లో అందరూ ఆవిడను ముమ్ము అనే పిలుస్తారు. ఫిన్లాండు నుంచి వచ్చిన ముత్తాతలు వదిలివెళ్ళిన మాటల్లో అదొకటి. నాయనమ్మ అని అర్థం. కూతురు హెల్మీ పుట్టిన దగ్గర్నుంచి కోడలు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది.

హెల్మీ మెట్లు దిగి వచ్చి, ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించింది. రంగు పెన్సిళ్ళతో గళ్ళు గీసి, గళ్ళలో సన్నటి అక్షరాలతో క్లాసుల పేర్లు రాసింది.

"వచ్చే సెప్టెంబరు టైమ్ టేబుల్. సోమవారం పొద్దున మా ఏడాది వాళ్ళకి రిజిస్ట్రేషన్ తెరుస్తారు," అంది.

మార్లిస్ చేతులు తుడుచుకుని దగ్గరికి వెళ్ళి చూసింది. ఆవిడ బడిలో నాలుగో తరగతి టీచరు. ప్రతి ఆగస్టులోనూ బడి మొత్తానికి టైమ్ టేబుల్ వేసేది ఆవిడే. ఒక టీచరుకు పొద్దున కుదరదు, ఇంకొకరికి వ్యాయామశాల ఖాళీ ఉండదు. గళ్ళు నింపడం ఎంత కష్టమో ఆవిడకు తెలుసు. అందుకే ఈ కాగితం చూడగానే ముచ్చటేసింది.

"అన్నీ తొమ్మిదికీ రెండుకీ మధ్యే. పైగా శుక్రవారం ఖాళీ. ఇంత చక్కగా ఎలా కుదిరిందే?"

"వెతికితే కుదురుతుంది."

"అయితే చలికాలంలో కూడా వెలుతురుండగానే ఇంటికొచ్చేస్తావన్నమాట."

"వచ్చేస్తా."

ముమ్ము కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఫ్రిజ్ వైపు చూసింది. "ఇది కాలేజీయా, బ్యాంకా? రెండింటికల్లా తలుపులు మూసేస్తున్నారు."

"నీ రస్కు మునిగిపోతోంది, ముమ్ము. ముందు అది చూసుకో," అంది హెల్మీ.

"మునగనీ. నేనేం తొందరపడి ఎక్కడికీ పోవాల్సిన పనిలేదు. రెండింటికల్లా ఇంటికొచ్చే పిల్లని చూసుకుంటూ కూర్చుంటా."

హెల్మీ నవ్వి, నాన్న పాత పికప్ తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. బండి మలుపు తిరిగేదాకా మార్లిస్ కిటికీ దగ్గరే నిలబడింది. ఆవిడ అలా నిలబడటం చూసి చూసి ఆ ఇంట్లో వాళ్ళకి అలవాటైపోయింది. ఎవరూ దాని గురించి మాట్లాడరు.

మార్లిస్ భర్త రేనో కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. కిందటేటికి ముందటేడు నవంబరులో ఒక రాత్రి డ్యూటీకి వెళ్ళి తిరిగి రాలేదు. ప్రమాదమేమీ జరగలేదు. గుండె ఆగింది. ఆగే ముందు బండిని రోడ్డు పక్కకి తీసి, బ్రేకు వేసి, పసుపుపచ్చ లైటు తిరిగేలా వదిలాడు. తెల్లవారాక ఎవరో చూశారు. ఆ రాత్రంతా మార్లిస్ హాయిగా నిద్రపోయింది. మంచు ఎక్కువగా పడుతోంది కదా, పని పెరిగి ఉంటుందిలే అనుకుంది. ఆ నిద్రను ఆవిడ తర్వాత ఎప్పుడూ క్షమించుకోలేకపోయింది. ఆ మాట ఎవరికీ చెప్పనూలేదు.

ఆ సాయంత్రం లూథరన్ చర్చి కింది హాల్లో చేపల విందు. ఈస్టరుకు ముందు ఆరు వారాలూ శుక్రవారం శుక్రవారం చర్చివాళ్ళు చేపలు వేయించి ఊరందరికీ పెడతారు. మార్లిస్ క్యాబేజీ తురుము గిన్నె ముందు గరిటె పట్టుకుని నిలబడింది. వరుసలో నెరిసిన జుట్టును పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ పళ్ళెం పట్టుకుని వచ్చి ఆగింది.

"హెల్మీ వాళ్ళ అమ్మగారు కదూ మీరు? నా పేరు వెస్టర్. కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను."

"తెలుసండీ. హెల్మీ మీ గురించి చాలా చెబుతుంది."

"చెబుతుందా?" ఆవిడ ముఖంలో ఏదో మెదిలింది. "అయితే వాగుల క్లాసు సంగతి మీతో ఒకసారి..." అంటూ ఆగిపోయింది. "లేదులెండి. పిల్లల చదువు గురించి తల్లిదండ్రులతో మేం మాట్లాడకూడదు. వాళ్ళు పెద్దవాళ్ళు. రూలు ఉంది."

"అదృష్టవంతులు. నాలుగో తరగతిలో తల్లిదండ్రులు వద్దన్నా వదలరు."

వెస్టర్ నవ్వింది. వెనకున్న వాళ్ళు ఒక అడుగు ముందుకు జరిగారు. ఆవిడ కదల్లేదు.

"నా సంగతి నేను చెప్పుకోవడానికి రూలేమీ లేదు. వచ్చే సెప్టెంబరులో వాగుల క్లాసు పెడుతున్నాను. అది రెండేళ్ళకోసారే పెట్టేది. మా వ్యానులో ఎంతమంది పడతారో అంతమందికే చోటు. అది చదవనివాళ్ళకి నీటిశాస్త్రంలో పైక్లాసులకి దారి లేదు. ఈసారి అయిపోగానే నేను రిటైరవుతున్నాను. నా తర్వాత ఎవరైనా పెడతారో లేదో నాకు తెలీదు."

"ఏ రోజుల్లో ఉంటుందండీ?"

"శుక్రవారం. మధ్యాహ్నం బయల్దేరతాం. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. నవంబరు, డిసెంబరుల్లో అయితే బాగా చీకటి." వెస్టర్ పళ్ళెం ముందుకు చాపింది. "కొంచెం ఎక్కువే వెయ్యండి. చేప కంటే ఇదే బాగుంటుంది మీ చర్చిలో."

ఇంటికి వచ్చాక మార్లిస్ కోటు విప్పకుండానే ఫ్రిజ్ ముందు నిలబడింది. పొద్దున ఆవిడ గంటలు చూసింది. పేర్లు చూడలేదు. ఇప్పుడు పేర్లు చదివింది. దుకాణాల నిర్వహణ, తొలి పాఠాలు. ఆరోగ్యమూ అలవాట్లూ. సంగీతం వినడం ఎలా. నూరు సంవత్సరాల ప్రకటనలు. వాటిలో చెడ్డ క్లాసంటూ ఏదీ లేదు. అయితే ఒకదానికీ ఇంకొకదానికీ పొత్తు లేదు. బడిలో టైమ్ టేబుల్ వేసేటప్పుడు ఆవిడ కూడా చివర్లో ఇలాగే చేస్తుంది. మిగిలిపోయిన గళ్ళలో ఏది పడితే అది పెట్టేస్తుంది. రెండేళ్ళుగా వాగులూ చేపలూ నీళ్ళూ తప్ప ఇంకో మాట మాట్లాడని పిల్ల, ముందు గంటలు ఎంచుకుని ఆ గంటల్లో ఏది దొరికితే అది చదవడానికి సిద్ధపడింది.

పైన గదిలో హెల్మీ అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మార్లిస్ మెట్ల దాకా వెళ్ళి, ఏమని మొదలుపెట్టాలో తెలియక వెనక్కి వచ్చేసింది.

శనివారం సాయంత్రం ఆ ఇంట్లో ఆవిరి స్నానం. పెరటి చివర దేవదారు చెక్కలతో రేనో కట్టిన చిన్న గది అది. వెలుతురుండగానే పొయ్యి రాజేస్తారు. ముగ్గురు ఆడవాళ్ళూ తువ్వాళ్ళు చుట్టుకుని చెక్క బల్లల మీద కూర్చుంటారు. పైబల్ల ముమ్ముది. నీళ్ళ గరిటె కూడా ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఆవిడ కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లితే ఆవిరి బుస్సున లేచి చెవులు చురుక్కుమన్నాయి.

"వాగుల క్లాసు ఎందుకు తీసుకోలేదు?" అని అడిగింది మార్లిస్.

హెల్మీ తల ఎత్తలేదు. "వెస్టర్ చెప్పారా? ఆవిడ చెప్పకూడదు."

"ఆవిడ నీ గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. నీ టైమ్ టేబుల్ నేను మళ్ళీ చదివాను."

"చదివితే ఏముంది? బాగుందన్నావుగా."

"ప్రకటనల చరిత్ర నీకెందుకే?"

"ఏం, చదవకూడదా? ఉద్యోగాలొస్తాయి."

"నాతో అబద్ధాలాడకు, హెల్మీ."

"నువ్వు ఆడొచ్చా?"

పైనుంచి గరిటె బకెట్టు అంచుకు రెండుసార్లు టకటకమని తగిలింది. "ఇక్కడ కాదు," అంది ముమ్ము. "ఆవిరిలో గొంతు లేపితే మా నాన్న చెవి పట్టుకుని మంచులోకి తోసేవాడు. నాకు తోసే ఓపిక లేదు. మీరే లేచి వెళ్ళండి."

ఇద్దరూ లేచి పక్కనున్న బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చారు. అక్కడ ఒక చిన్న బెంచీ, కొక్కాలకు కోట్లు, చలీ వేడీ కలిసిన గాలి. ఒళ్ళంతా పొగలు కక్కుతుంటే ఎదురెదురుగా నిలబడ్డారు.

"నేనేం అబద్ధమాడాను?" అంది మార్లిస్.

"డిసెంబరులో ఏం జరిగిందో చెప్పు."

"ఏం జరిగింది? నీ ల్యాబు ఆలస్యమైంది, ఫోను కలవలేదు. వెతుక్కుంటూ వస్తుంటే కారు గుంటలోకి జారింది. పక్కింటి డేల్ వచ్చి లాగాడు. నవ్వుకున్నాం కూడా."

"నువ్వు నవ్వావు. డేల్ నవ్వాడు. నేను నవ్వలేదు. అమ్మా, నీ కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులున్నాయి. కోటు లేదు. ఆ గాలిలో, ఆ మంచులో స్వెట్టరుతో బయల్దేరావు. డేల్ అటువైపు రాకపోతే?"

ఆ రాత్రి తన కాళ్ళకు ఏముందో కూతురు చూసిందని ఆవిడకు ఇప్పుడే తెలిసింది.

"నేనెప్పుడైనా నిన్ను ఇది చదవకు, అది చదవకు అన్నానా?" అంది చివరికి.

"అనవు. నువ్వెప్పుడూ ఏమీ అనవు. నేనొచ్చేసరికి అన్నం బల్ల సర్ది ఉంటుంది. నువ్వు నవ్వుతూనే ఉంటావు. కిటికీ అద్దం మీద మాత్రం నీ ముఖమంత మేర మసక ఉంటుంది. నువ్వు ఎంతసేపు నిలబడ్డావో నేను దాన్ని చూసి చెప్పగలను."

"అందుకని చదువు మానుకుంటావా? నా కోసమని చదువు పాడుచేసుకోకు. ఆ బరువు నాకొద్దు."

"బరువు నీకొద్దు. నాకైతే పర్లేదు కదూ."

ఆ మాట అన్నాక హెల్మీ బెంచీ మీద కూలబడి తువ్వాలు గట్టిగా దగ్గరికి లాక్కుంది. "నీకు చెప్పినా అర్థం కాదు. నిన్ను చూసుకోవాలని కాదు నేను చేస్తున్నది. చలికాలం ల్యాబులో కూర్చుంటే నాకు ఒక్క మాట వినపడదు. బయట మంచు మొదలైతే చాలు, అమ్మ ఈపాటికి రోడ్డెక్కిందా అని అదే ధ్యాస. నీ భయం నాక్కూడా పట్టుకుంది. వాగులో నిలబడి నీళ్ళు పట్టాల్సిన చోట నేను అలా ఉంటే ఏం ప్రయోజనం? అందుకే వద్దనుకున్నా."

మార్లిస్ కూతురి పక్కన కూర్చోబోయి ఆగింది. దగ్గరికి తీసుకుంటే ఈ మాట ఇక్కడితో ఆగిపోతుంది. మళ్ళీ ఎప్పుడూ బయటికి రాదు.

"ఇకముందు అలా వెళ్ళను," అంది.

"అంటావు. నమ్మమంటావా?"

"ఏం చేస్తే నమ్ముతావు?"

హెల్మీ కాసేపు ఆలోచించింది. "రేపు సాయంత్రం నేను పికప్ తీసుకుని వాగు దగ్గరికి వెళ్తా. చీకటి పడ్డాకే వస్తా. అక్కడ సిగ్నల్ ఉండదు. క్లాసు రోజుల్లో కూడా ఉండదు. నేనొచ్చేసరికి నువ్వు కిటికీ దగ్గరున్నా, రోడ్డు మీదున్నా, డేల్‌కి ఫోన్ చేశావని తెలిసినా, సోమవారం ఫ్రిజ్ మీదున్న కాగితమే రిజిస్టరు చేస్తా. మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

"సరే," అంది మార్లిస్.

చెక్క గోడ అవతలినుంచి ముమ్ము గొంతు వినిపించింది. "అయిపోయిందా? ఇక్కడ నేను ఉడికిపోతున్నా."

ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళారు, వచ్చారు. మధ్యాహ్నం తిన్న గిన్నెలు కడిగారు. ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఎండ వాలుతుండగా హెల్మీ రబ్బరు బూట్లు, టార్చిలైటు, ఫ్లాస్కుతో టీ తీసుకుని బయల్దేరింది. బండి మలుపు తిరిగిన చప్పుడు వినిపించింది. మార్లిస్ చూడలేదు.

ముమ్ము పేకముక్కలు బల్ల మీద పెట్టింది. "కూర్చో. పంచు."

ఆట మొదలుపెట్టారు. మార్లిస్ కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. గదిలో లైటు వేశాక బయటి చీకటి ఇంకా ముదిరినట్టనిపించింది. కొంతసేపటికి అద్దం మీద ఏదో మెత్తగా తగిలిన చప్పుడైంది. వెనక్కి తిరక్కుండానే అదేమిటో ఆవిడకు తెలిసింది. మంచు మొదలైంది.

"ముమ్ము, మంచు పడుతోంది."

"ఏప్రిల్ మంచు. పొద్దున్నకి ఉండదు. నీ వంతు."

మార్లిస్ ఒక ముక్క వేసింది. అది తప్పు ముక్క. ముమ్ము దాన్ని తీసి వెనక్కి ఇచ్చింది. మార్లిస్ ఇంకొకటి వేసింది. అదీ తప్పే. కుర్చీ వెనక్కి జరిపి లేవబోయింది.

"ఎక్కడికి?"

"మంచినీళ్ళకి."

"గ్లాసు నీ ముందే ఉంది. కూర్చో."

మార్లిస్ కూర్చుంది. చేతిలో ముక్కలు కనబడటం లేదు. రోడ్డు మలుపులన్నీ కళ్ళముందు వరుసగా కదులుతున్నాయి. ఏ మలుపులో మంచు గడ్డకడుతుందో, ఏ చోట జింకలు అడ్డం వస్తాయో అన్నీ తెలుసు. రేనో అన్నం తింటూ చెప్పేవాడు. వద్దన్నా చెప్పేవాడు. వాగు దగ్గర్నుంచి ఇంటిదాకా ఉన్న రోడ్డంతా అలా ఆవిడ తలలోకి ఎక్కింది.

"మీరు ఎలా ఉండగలుగుతున్నారు?" అంది మార్లిస్. "మీకు భయమెయ్యదా?"

ముమ్ము ముక్కలు బల్ల మీద బోర్లించింది. "ఉండగలుగుతున్నానని ఎవరు చెప్పారు? నా గది కిటికీ పెరటి వైపు. రోడ్డు కనపడదు. రోడ్డు కనపడే కిటికీ దగ్గర ఎప్పుడూ నువ్వే ఉంటావు. నీ వెనక నిలబడితే నీకు తెలిసిపోతుంది. అందుకని నా గదిలో కూర్చుని గోడవైపు చూస్తుంటా."

మార్లిస్ ఆవిడ ముఖంలోకి చూసింది. ఏడాదిన్నరగా ఆ ముఖాన్ని సరిగా చూడలేదని అప్పుడు తెలిసింది.

"వాడు నా కొడుకు, మార్లిస్. వాడు పోయిన రోజు నువ్వు ఏడవలేదు. నువ్వు ఏడవలేదని నేనూ ఏడవలేదు. మనిద్దరం ఏడవలేదని ఆ పిల్ల ఏడవలేదు. ముందు ఎవరు ఏడుస్తారా అని ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. నాకు ఎనభై మూడు. నేను ఇంకెంతకాలం కాచుకోవాలి?"

"ఆ రాత్రి నేను నిద్రపోయాను," అంది మార్లిస్.

"ఏమిటి?"

"రేనో అక్కడ బండిలో ఉన్నాడు. నేను హాయిగా నిద్రపోయాను, ముమ్ము. ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. పొద్దున లేచి కాఫీ పెట్టుకున్నాను. మీకూ ఇచ్చాను."

ముమ్ము బల్ల మీదుగా చెయ్యి చాపి కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, బలంగా ఉంది. "నేనూ నిద్రపోయాను," అంది. "వాణ్ణి కన్నదాన్ని. నేనూ నిద్రపోయాను."

మార్లిస్ బల్ల మీదికి వంగి, మోచేతుల మధ్య తల పెట్టుకుంది. ముమ్ము లేచి వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని, నుదురు కోడలి భుజానికి ఆనించింది. పేకముక్కలు నేల మీద పడ్డాయి. ఎవరూ తియ్యలేదు. రోడ్డు మీద ఎన్ని బండ్లు వెళ్ళాయో, వాకిట్లో బండి ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియదు.

హెల్మీ లోపలికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. టోపీ మీద మంచు, చేతిలో బూట్లు. కిటికీ ముందు ఎవరూ లేరు. అమ్మా నాయనమ్మా ఒకరిని ఒకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడుస్తున్నారు. ఆమె అమ్మను అలా ఎప్పుడూ చూడలేదు.

"నేనొచ్చా," అంది.

మార్లిస్ తల ఎత్తింది. ఎప్పుడొచ్చావని అడగలేదు. ముఖం తుడుచుకోనూలేదు.

"భయపడ్డాను," అంది. "చాలా భయపడ్డాను. మంచు మొదలయ్యాక లేవబోయాను. ముమ్ము కూర్చోబెట్టింది. నిజం చెప్పాలి కదా, చెబుతున్నాను."

హెల్మీ బూట్లు కింద పెట్టింది.

"ఈ భయం పోదే. పోతుందని నీకు మాట ఇవ్వలేను. నువ్వు ఆ క్లాసుకు వెళ్ళిన ప్రతి శుక్రవారం భయపడతాను. ఇక్కడే, ఈ బల్ల దగ్గర కూర్చుని భయపడతాను. కానీ అది నా పని. దాన్ని నీ టైమ్ టేబుల్లో పెట్టకు."

"మరి రోడ్డెక్కితే?"

"శుక్రవారం బడినుంచి రాగానే నా కారు తాళాలు ముమ్ముకి ఇచ్చేస్తా."

"నేనివ్వను," అంది ముమ్ము కళ్ళు తుడుచుకుంటూ. "ఏడ్చినా ఇవ్వను. ఇప్పుడు నేను చూడలేదా ఏమిటి, బాగానే ఏడుస్తుంది."

హెల్మీ నవ్వబోయింది. పెదవులు వంకర తిరిగి, నవ్వు మధ్యలోనే ఏడుపైంది. మార్లిస్ లేచి వెళ్ళి, తడి కోటుతో సహా కూతుర్ని పొదివి పట్టుకుంది.

సోమవారం పొద్దున ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. హెల్మీ ముందు కంప్యూటరు తెరిచి ఉంది. రిజిస్ట్రేషన్ తెరిచే వేళకు ఆమె మోకాలు బల్ల కింద ఊగుతూ కాఫీ కప్పులన్నిటినీ కదిలిస్తోంది.

"ఆ కాలు ఆపు. నా రస్కు ముంచుకోలేకపోతున్నా," అంది ముమ్ము.

"ఉండు ముమ్ము. తెరుచుకుంది."

రెండు మూడుసార్లు నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది. మార్లిస్ ఊపిరి బిగబట్టింది. ముమ్ముకు కంప్యూటరు సంగతులేవీ తెలియవు గానీ కోడల్ని చూసి తనూ బిగబట్టింది.

"వచ్చింది," అంది హెల్మీ. "చోటు దొరికింది. ఇంకొక్కటే మిగిలుంది నా తర్వాత."

"ఆ ప్రకటనల క్లాసో?" అంది ముమ్ము.

"అది తీసేశా. రసాయనశాస్త్రం పెట్టుకున్నా దాని బదులు. గురువారం సాయంత్రం ల్యాబు." ఆమె తల్లివైపు చూసింది. "అదీ చీకటి పడ్డాకే."

"విన్నాను," అంది మార్లిస్. కప్పు రెండు చేతులతో పట్టుకుంది. ఆ తర్వాత అడిగింది. "అసలు ఆ వాగులో అంతగా ఏముందే? రెండేళ్ళుగా నేనెప్పుడూ అడగలేదు."

హెల్మీ కంప్యూటరు మూసింది.

"మంచు మీద నడిచే పురుగులు ఉంటాయి, అమ్మా. నల్లగా, మెంతిగింజలంత. మిగతా ఏడాదంతా వాగు అడుగున రాళ్ళ కింద ఉంటాయి. చలి బాగా ముదిరాక, మిగతావన్నీ చచ్చిపోయే కాలంలో, ఇవి బయటికొచ్చి మంచు మీద నడుస్తాయి. నాకు నాన్న చూపించాడు."

"రేనోనా? ఎప్పుడు?"

"నాకు ఎనిమిదేళ్ళప్పుడు. మంచు ఎక్కువై మాకు బడి లేదు. నువ్వు టీచర్ల మీటింగుకి వెళ్ళావు. నాన్న నన్ను మంచు తోసే బండిలో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు."

"ఆ బండిలోనా? పిల్లల్ని ఎక్కించకూడదు అందులో."

"అందుకే అమ్మకి చెప్పకు, తెలిస్తే నన్ను బతకనివ్వదు అన్నాడు. నేను చెప్పలేదు. ఆ తర్వాత..." హెల్మీ కంప్యూటరు పక్కకి జరిపింది. "నాన్న పోయాక చెప్పడానికి వీలు కాలేదు. వంతెన దగ్గర బండి ఆపి నన్ను దింపాడు. మంచు గుట్ట మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతితొడుగు విప్పి, ఒకదాన్ని అరచేతిలోకి ఎక్కించుకుని నాకు చూపించాడు. అది ఆయన వేలు చివరిదాకా నడిచింది. వీటికి చలెందుకు వెయ్యదు నాన్నా అని అడిగాను. నాకు తెలీదు, నువ్వు పెద్దయ్యాక కనుక్కుని నాకు చెప్పు అన్నాడు."

మార్లిస్ చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ వాటిని పట్టించుకోలేదు. చనిపోయిన మనిషి గురించి తనకు తెలియని సంగతి ఒకటి ఇంకా మిగిలుందని ఆవిడ అనుకోలేదు. అలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో ఈ పిల్ల దగ్గర.

"ఏ వంతెన?" అని అడిగింది.

"మిల్లు దాటాక వచ్చేది. చిన్నది."

"ఏ టోపీ పెట్టుకున్నాడు? చెవులు మూసేదేనా?"

"అది కాదు. నువ్వు అల్లింది, ఎర్రది."

"అది పోయిందన్నాడే నాతో."

"పోయింది. ఆ రోజే. గాలికి వాగులో పడింది. అది కూడా చెప్పకు అన్నాడు."

మార్లిస్ నవ్వింది. ఏడుపూ నవ్వూ కలిసి ఊపిరాడలేదు. గోడ గడియారం బడికి బయల్దేరాల్సిన వేళ దాటిందని చూపిస్తోంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. కుర్చీ కూతురి వైపు తిప్పుకుంది.

"మొదట్నుంచి చెప్పు," అంది. "ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి. ఏదీ వదలొద్దు."

ముమ్ము కూడా తన కుర్చీ దగ్గరికి లాక్కుంది.